సింక్ ఆగిపోయిన ప్లేయర్: మరమ్మతు డైరీ

శనివారం సాయంత్రం, నల్లకుంట

పెద్దనాన్న మ్యూజిక్ ప్లేయర్ ఈరోజు నా చేతికొచ్చింది. అరచేతిలో ఇమిడిపోయేంత వస్తువు. 16 జీబీ లోపలి మెమరీ, పక్కన మైక్రో ఎస్‌డీ కార్డు స్లాట్, కింద మైక్రో యూఎస్‌బీ పోర్ట్, రికార్డింగ్‌కి ఒక చిన్న మైక్. ఫోన్‌లో పాటలు వినడం ఆయనకు నచ్చదు. మధ్యలో కాల్ వస్తే పాట తెగిపోతుందంటారు. నాకూ అది న్యాయంగానే అనిపిస్తుంది.

సమస్య ఇదీ. ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ప్లేయర్ చార్జ్ అవుతోంది. కంప్యూటర్‌లో పేరు కూడా కనిపిస్తోంది. సింక్, అంటే ల్యాప్‌టాప్‌లోని పాటలను ప్లేయర్‌లోకి ఎక్కించడం, మొదలుపెడితే మాత్రం కాస్త దూరం వెళ్లి, పరికరం స్పందించడం లేదనో, కనెక్షన్ తెగిపోయిందనో చెప్పి ఆగిపోతోంది. మొన్నటిదాకా బాగానే ఉండేదట. ఒకే వారంలో రెండు అప్‌డేట్లు జరిగాయి. ల్యాప్‌టాప్ విండోస్ అప్‌డేట్ అయింది. ప్లేయర్ ఫర్మ్‌వేర్‌ని, అంటే దాన్ని లోపలినుంచి నడిపించే సాఫ్ట్‌వేర్‌ని, పెద్దనాన్న మనవడు తన సొంత ల్యాప్‌టాప్ నుంచి అప్‌డేట్ చేశాడు. వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడి మెషీన్‌లో విండోస్ బదులు ఉబుంటు ఉంది, అది ఒక రకం లైనక్స్.

"అప్‌డేట్ చేశాకే పాడైంది తల్లీ, వెనక్కి తీసేస్తే సరిపోదా?" అన్నారు పెద్దనాన్న. ఏ అప్‌డేట్‌ని వెనక్కి తియ్యాలో ముందు తేలాలి కదా. రెండిట్లో ఒకటి కారణం కావచ్చు, రెండూ కాకపోవచ్చు కూడా. అందుకే దేన్నీ మార్చకుండా, ఉన్నది ఉన్నట్టు ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాను: ఫర్మ్‌వేర్ వెర్షన్, ఖాళీ మెమరీ, సెట్టింగ్స్‌లో ఉన్న యూఎస్‌బీ మోడ్, కంప్యూటర్ చూపిస్తున్న ఎర్రర్.

ఇంకో సంగతి ఆయన చివర్లో చెప్పారు. కాలనీ గుడిలో ప్రతి శనివారం జరిగే భజనను ఈ ప్లేయర్ మైక్‌తోనే రికార్డ్ చేస్తారట. హార్మోనియం వాయించే పెద్దాయన పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన వాయించినవన్నీ ఇందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. ఆ మాట విన్నాక ఈ పనికి ఒక నియమం పెట్టుకున్నాను. రికార్డింగులు బయటికి వచ్చేదాకా ఫార్మాట్ లేదు, ఫ్యాక్టరీ రీసెట్ లేదు, ప్లేయర్ మీద కొత్తగా ఒక్క ఫైలు కూడా రాయకూడదు.

ఆదివారం ఉదయం

ముందు తేలికైన అనుమానాలు. మార్కెట్లో దొరికే మైక్రో యూఎస్‌బీ తీగల్లో కొన్నిటికి కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు రెండూ ఉండవు. వాటితో చార్జింగ్ బాగానే అవుతుంది, కంప్యూటర్‌కి మాత్రం ఏమీ కనిపించదు. మన ప్లేయర్ పేరు కనిపిస్తోంది కాబట్టి ఈ తీగలో డేటా వెళ్తోంది. అయినా నమ్మకమైన ఇంకో తీగ మార్చాను. హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ పోర్ట్‌కే పెట్టాను. తేడా లేదు.

ఆదివారం రాత్రి

ఈరోజు అసలు పని ఇది. తప్పు కంప్యూటర్ వైపా, ప్లేయర్ వైపా? ఊహించాల్సిన అవసరం లేదు, అటూ ఇటూ మార్చి చూస్తే తెలిసిపోతుంది.

అదే విండోస్ ల్యాప్‌టాప్‌కి నా ఆండ్రాయిడ్ ఫోన్ తగిలించాను. ఫోన్ కూడా కంప్యూటర్‌తో ప్లేయర్ లాగే ఎంటీపీ (మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్) అనే ఫైళ్లు పంపుకునే పద్ధతిలోనే మాట్లాడుతుంది. పెద్ద ఫోల్డర్ ఒకటి కాపీ చేస్తే చక్కగా వెళ్లింది. తర్వాత డివైస్ మేనేజర్ తెరిచి పోర్టబుల్ డివైసెస్ కింద చూశాను. డ్రైవర్‌లో తేడా ఉంటే వచ్చే పసుపు గుర్తు ప్లేయర్ పక్కన లేదు. దాచిన పరికరాలను కూడా చూపించమంటే పాత ఎంట్రీలు బయటపడ్డాయి. వాటిని తీసేసి, డ్రైవర్ జాబితాలోంచి ఎంటీపీ యూఎస్‌బీ డివైస్ అన్నదాన్ని చేత్తో ఎంచుకున్నాను. అప్‌డేట్ తర్వాత పరికరం అసలు కనిపించకుండా పోయిన సందర్భాల్లో ఇది బాగా పనిచేస్తుంది. ఇక్కడ మాత్రం ఫలితం మారలేదు. సింక్ అడిగితే నియమం తప్పుతుంది కాబట్టి, ప్లేయర్‌లోంచి బయటికి ఒక ఫోల్డర్ కాపీ చెయ్యమన్నాను. కొంతదూరం వెళ్లి అదే ఎర్రర్.

ఇక రెండో వైపు. ప్లేయర్‌ని నా లైనక్స్ ల్యాప్‌టాప్‌కి పెట్టాను. ఈ మెషీన్‌కి విండోస్ అప్‌డేట్‌తో ఏ సంబంధమూ లేదు. ఇక్కడొక చిక్కు తెలిసుండాలి. లైనక్స్ డెస్క్‌టాప్‌లలో ఫైల్ మేనేజర్ ఎంటీపీ పరికరాన్ని తగిలించగానే తన చేతిలోకి తీసుకుంటుంది. అప్పుడు ఇంకో ప్రోగ్రామ్ దాన్ని తెరవబోతే బిజీగా ఉందంటుంది. చాలామంది దీన్నే ప్లేయర్ లోపమనుకుంటారు. ఫైల్ మేనేజర్ నుంచి దాన్ని అన్‌మౌంట్ చేసి, అంటే విడిపించి, ఎంటీపీ పరికరాలతో మాట్లాడే లిబ్‌ఎంటీపీ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఎంటీపీ డిటెక్ట్ నడిపాను. ప్లేయర్ తన పేరు, వెర్షన్, లోపలి మెమరీ, కార్డు అన్నీ సరిగ్గా చెప్పింది. ఫైళ్ల జాబితా అడిగితే మధ్యలో మూగబోయింది.

రెండు వేరు వేరు కంప్యూటర్లు, రెండు వేరు వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ఒకే జబ్బు. విండోస్ అప్‌డేట్ మీద అనుమానం ఇక్కడితో తీరింది. చెడిందేదో ప్లేయర్ లోపలే ఉంది.

మంగళవారం

ఎంటీపీలో తప్పు ఎందుకు బయటపడదో ఇక్కడ వివరంగా రాసిపెట్టుకుంటున్నాను, ఎందుకంటే ఈ పని మొత్తానికి ఇదే కీలకం.

ఇలాంటి ప్లేయర్లు కంప్యూటర్‌తో రెండు రకాలుగా మాట్లాడగలవు. ఒకటి మాస్ స్టోరేజ్. ఇది గోదాము తాళాలు మన చేతికిచ్చేసినట్టు. కంప్యూటర్ నేరుగా లోపలికి వెళ్లి ఏ అరలోదైనా తీస్తుంది, పెడుతుంది. అంతసేపూ ప్లేయర్ పక్కకి తప్పుకుని కూర్చుంటుంది. రెండోది ఎంటీపీ. ఇక్కడ తాళాలు ఇవ్వరు, కౌంటర్ దగ్గర నిలబడి ఫలానా పాట ఇవ్వు, ఫలానాది తీసుకో అని అడగాలి. లోపలి పని అంతా ప్లేయరే చేస్తుంది. ఎంటీపీని మొదట మైక్రోసాఫ్ట్ తయారుచేసింది, 2008లో యూఎస్‌బీ ప్రమాణాల సంస్థ దాన్ని అధికారిక ప్రమాణంగా తీసుకుంది. కంప్యూటర్, పరికరం ఒకేసారి ఒకే ఫైల్ సిస్టమ్‌లో, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే అమరికలో, వేళ్లు పెట్టకుండా ఆపడం దీని గొప్పతనం. లోటేమిటంటే, లోపల అరలు కూలిపోయినా బయటున్న కంప్యూటర్‌కి తెలిసేది జవాబు రావడం లేదన్న ఒక్క ముక్కే.

కాబట్టి లోపలికి చూడాలంటే మాస్ స్టోరేజ్‌లోకి మారాలి. సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్ ఆటో అని ఉంది. శనివారం తీసిన ఫొటోలోనూ అదే. అంతకుముందు అది మాస్ స్టోరేజ్ అని ఉండేదని మనవడు ఫోన్‌లో చెప్పాడు. ఫర్మ్‌వేర్ మారినప్పుడు సెట్టింగ్స్ మొదటికొచ్చి, ప్లేయర్ ఎంటీపీలోకి వెళ్లిపోయిందన్నమాట. కొన్ని పాత ప్లేయర్లలో ఒక మోడ్‌లో ఎక్కించిన ఫైళ్లు రెండో మోడ్‌లో కనిపించవు. కనిపించనంత మాత్రాన పోయినట్టు కాదని పెద్దనాన్నకి ముందే చెప్పాను, లేకపోతే టెన్షన్ పడతారు.

లైనక్స్‌లో ఆటోమేటిక్ మౌంట్ ఆపేసి, మోడ్ మార్చి ప్లేయర్ తగిలించాను. రెండు డిస్కులు వచ్చాయి, లోపలి మెమరీ ఒకటి, కార్డు ఒకటి. లోపలిదాన్ని చదవడానికి మాత్రమే అనుమతిస్తూ మౌంట్ చేసి (తెరిచి), లైనక్స్ లోపలినుంచి ఇచ్చే కెర్నల్ సందేశాలు చూశాను. ఈ వాల్యూమ్‌ని సరిగ్గా అన్‌మౌంట్ చెయ్యలేదు, కొంత డేటా చెడి ఉండొచ్చు, తనిఖీ చెయ్యండి అని మొదటి వరుసలోనే ఉంది. ఫోల్డర్లు తెరుస్తూ పోతే క్లస్టర్ గొలుసు, అంటే ఫైలు ముక్కల వరుస, తప్పుగా ఉందని ఇంకో ఎర్రర్ వచ్చింది.

అప్పుడు మనవడికి మళ్లీ ఫోన్ చేసి, అప్‌డేట్ చేసిన వరుస అడిగాను. ఫర్మ్‌వేర్ ఫైల్‌ని ప్లేయర్‌లో వేశాడు, కాపీ గీత నిండగానే తీగ తీశాడు, ప్లేయర్ రీస్టార్ట్ అయి అప్‌డేట్ అయింది. లైనక్స్‌లో కాపీ గీత నిండటం అంటే రాత పూర్తయినట్టు కాదు. కొంత డేటా ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉండి, నెమ్మదిగా డిస్కు మీదికి వెళ్తుంది. ఇజెక్ట్ నొక్కితేనే మిగిలింది మొత్తం రాసి, అయిపోయిందని చెబుతుంది. కొత్త ఫర్మ్‌వేర్ బాగానే ఎక్కింది, ఎక్కించేటప్పుడు ఫైల్ సిస్టమ్ దెబ్బతింది. వాడు చాలా బాధపడ్డాడు. ఆ సంగతి ఫర్మ్‌వేర్‌తో పాటు వచ్చే సూచనల్లో పెద్ద అక్షరాలతో ఉండాల్సింది, నీ తప్పేం లేదురా అని చెప్పాను. నిజంగా అదే నా అభిప్రాయం.

బుధవారం రాత్రి

మరమ్మతుకి ముందు ఇమేజ్. డీడీరెస్క్యూతో లోపలి మెమరీ మొత్తాన్ని, ఖాళీ చోటుతో సహా, ఒకే పెద్ద ఫైల్‌గా నా డిస్కు మీదికి తీసుకుంటున్నాను. మామూలు కాపీ అయితే ఫైల్ సిస్టమ్ చూపించగలిగినవే వస్తాయి. ఇమేజ్‌లో చూపించలేనివి కూడా వస్తాయి. చదవడం కష్టమైన చోటిని ముందు వదిలేసి, తర్వాత మళ్లీ వచ్చి ప్రయత్నించడం ఈ ప్రోగ్రామ్‌కి తెలుసు. యూఎస్‌బీ 2.0 కాగితం మీద సెకనుకి 480 మెగాబిట్లు, ఇలాంటి చిన్న ప్లేయర్లలో అందులో కొంతే వస్తుంది. పెట్టేసి పడుకున్నాను. పొద్దున చూస్తే చదవలేని చోటు ఎక్కడా లేదు. మెమరీ చిప్ ఆరోగ్యంగా ఉంది, చాలా పెద్ద ఊరట.

గురువారం, కోఠి

ఆఫీసు తర్వాత మెట్రోలో సుల్తాన్ బజార్ స్టేషన్‌లో దిగి గుజరాతీ గల్లీకి వెళ్లాను, ఒక కార్డ్ రీడర్, ఒక 32 జీబీ కార్డు కోసం. కౌంటర్ మీద కుర్రాడికి సంగతి చెబితే, "ఫార్మాట్ కొట్టుర్రి మేడం, ఐదు నిమిషాల పని" అన్నాడు. పాటలు మాత్రమే ఉన్న ప్లేయర్‌కైతే అది మంచి సలహానే.

కార్డు 32 జీబీకే ఎందుకు ఆగానంటే, అంతవరకు ఎస్‌డీహెచ్‌సీ రకం కిందికి వస్తాయి, ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌తో నడుస్తాయి. అంతకు మించితే ఎస్‌డీఎక్స్‌సీ, అవి ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి. ఈ ప్లేయర్‌కి ఎక్స్‌ఫ్యాట్ రాదు. ఇంటికొచ్చి ఎఫ్3 అనే ప్రోగ్రామ్‌తో కార్డు నిండా రాయించి, తిరిగి చదివించాను. పైన రాసిన సైజు కంటే లోపల తక్కువ ఉండే నకిలీ కార్డులు ఇలా నింపితేనే పట్టుబడతాయి. ఇది అసలుదే. గుజరాతీ గల్లీలో కొన్నా, సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఈ పరీక్ష చెయ్యకుండా నేను కార్డు వాడను.

శుక్రవారం రాత్రి

ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసి, దాని మీద ఫైల్ సిస్టమ్‌ని తనిఖీ చేసే ఎఫ్ఎస్‌సీకే నడిపాను. మొదట ఏమీ మార్చకుండా, ఏం దొరికిందో చెప్పడం వరకే.

ఫ్యాట్32లో ప్రతి ఫైలూ చిన్న చిన్న క్లస్టర్ల గొలుసు. ఏ క్లస్టర్ తర్వాత ఏది అన్నది ఒక పట్టికలో ఉంటుంది. భద్రత కోసం ఆ పట్టికకి రెండు ప్రతులు పెడతారు. ఇక్కడ రెండు ప్రతులూ ఒకటిగా లేవు. ఒకటి అప్‌డేట్‌కి ముందు సంగతి చెబుతోంది, ఇంకొకటి తర్వాతిది. అంతకన్నా కంగారు పెట్టింది వేరే ఉంది. ప్లేయర్ పాటల జాబితా దాచుకునే ఇండెక్స్ ఫైలు, ఒక భజన రికార్డింగ్, రెండూ కొన్ని క్లస్టర్లను పంచుకుంటున్నాయి. పట్టిక తప్పుగా ఉండటంతో, ఖాళీ చోటు అనుకుని ప్లేయర్ తన ఇండెక్స్‌ని రికార్డింగ్ మీదే రాసుకుంది. సింక్ కోసం ప్రయత్నించిన ప్రతిసారీ ఇండెక్స్ మళ్లీ తయారవుతుంది. అంటే ఇంకో నాలుగుసార్లు సింక్ నొక్కి చూద్దాం అనుకునే ఉంటే, ఆ హార్మోనియం మీద ఇంకో నాలుగుసార్లు రాత పడేది. ఇది చదివాక కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

రెండు పట్టికలతోనూ వేరు వేరు కాపీలు బాగుచేసి, వచ్చిన ఫైళ్లను పోల్చాను. పాత పట్టికతో రికార్డింగులన్నీ సరైన సైజులో వచ్చాయి. క్లస్టర్లు పంచుకున్న ఆ ఒక్కదానిలో మాత్రం మధ్యలో కొన్ని సెకన్లు గరగర శబ్దం. ప్లేయర్ రికార్డింగ్‌ని వేవ్ ఫైల్‌గా దాస్తుంది. అందులో శబ్దం కుదించకుండా ఉంటుంది కాబట్టి, మధ్యలో ముక్క చెడినా అటూ ఇటూ ఉన్నది నిక్షేపంగా వినిపిస్తుంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో ఆ గరగరని నిశ్శబ్దంగా మార్చి, అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా వేరే పేరుతో దాచాను.

శనివారం, మళ్లీ నల్లకుంట

రికార్డింగులన్నీ పెద్దనాన్న ల్యాప్‌టాప్‌లో ఒకచోట, కొత్త కార్డులో ఒకచోట, నా డిస్కులో ఒకచోట ఉన్నాయి. ఇప్పుడు ఫార్మాట్. కంప్యూటర్ నుంచి చెయ్యకుండా ప్లేయర్ సొంత మెనూలోంచే చేశాను. తన ఫర్మ్‌వేర్‌కి కావలసిన అమరిక దానికే తెలుసు.

యూఎస్‌బీ మోడ్ మాస్ స్టోరేజ్‌కి మార్చి, పాటలు ఎక్కించి, ఇజెక్ట్ చేశాను. ప్లేయర్ తన జాబితా తయారుచేసుకోవడం మొదలుపెట్టి, మధ్యలో ఒకచోట ఆగిపోయింది. ఫైల్ సిస్టమ్ ఇప్పుడు శుభ్రంగా ఉంది. కాబట్టి ఏదో ఒక ఫైలు దానికి మింగుడుపడటం లేదు.

సగం ఫోల్డర్లు బయటికి తీసి చూశాను, జాబితా పూర్తయింది. తీసినవాటిలో సగం తిరిగి పెట్టాను. ఇలా సగం సగం చేస్తూ పోతే వేల పాటల్లోనైనా దోషి త్వరగా దొరుకుతుంది. దొరికింది ఒక ప్రవచనాల ఫోల్డర్. పాటల్లో ఏ లోపమూ లేదు, పేర్లే చాలా పొడుగు. గుడి పేరు, ఊరు, తిథి, వక్త, అంశం, అన్నీ తెలుగులో ఫైలు పేరుగా పెట్టారు పెద్దనాన్న.

తెలుగు పేరు కంటికి కనిపించేదానికన్నా కంప్యూటర్‌లో చాలా పెద్దది. శ్రీవెంకటేశ్వర అన్న పేరునే చూడండి. మనకి ఆరు అక్షరాలు. ఒత్తులు, గుణింతాలు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కేస్తే, కంప్యూటర్లు అక్షరాలకి వాడే యూనికోడ్‌లో 14 గుర్తులు. ఆ గుర్తులను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, అంటే 42 బైట్లు. ఫ్యాట్32 పొడుగు పేర్లలో 255 గుర్తుల దాకా పడతాయి. ఆ హద్దులోనే ఉన్న పేరు యూటీఎఫ్-8లోకి మారేసరికి మూడింతలు అవుతుంది. ఇంగ్లిష్ పేర్లనే దృష్టిలో పెట్టుకుని బైట్ల లెక్కన చోటు కేటాయించిన ఫర్మ్‌వేర్ అయితే అక్కడ తట్టుకోలేదు. పేర్లు కుదించగానే జాబితా ఆగకుండా పూర్తయింది. మన భాషలో పేరు పెట్టుకున్నందుకు పరికరం ఆగిపోవడం నాకు చాలా బాధ కలిగించింది. ప్లేయర్ తయారీదారుకి ఈ వివరం అంతా, ఆగిపోయిన పేర్లతో సహా, మెయిల్ పంపాను.

పూర్తి పేర్లు వదులుకోలేదు. ఫైలు పేరు చిన్నగా పెట్టి, మిగిలిన వివరమంతా పాట లోపలి ట్యాగ్‌లోకి, అంటే ఫైలు లోపల పేరు, వివరాలు దాచే చోటికి, మార్చాను. ట్యాగులు ఐడీ3 2.3 వెర్షన్‌లో, యూటీఎఫ్-16తో రాయించాను. పాత ప్లేయర్లలో చాలావాటికి 2.4 కన్నా ఇదే బాగా అర్థమవుతుంది. కొన్ని పాత సీడీల పాటల్లో ట్యాగులు యూనికోడ్‌కి ముందటి తెలుగు ఫాంట్లలో ఉన్నాయి, తెరమీద అర్థంలేని గీతల్లా వస్తున్నాయి. వాటిని పెద్దమ్మ పక్కన కూర్చుని, పాట విని, పేరు చెబుతుంటే టైపు చేశాను. ఘంటసాల పద్యాల దగ్గర పని చాలా నెమ్మదించింది, ఆవిడ ప్రతిదాన్నీ పూర్తిగా వినాలన్నారు.

ఆదివారం

ఇక సింక్ ప్రోగ్రామ్ మీద ఆధారపడకుండా, విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ ప్రోగ్రామ్‌తో ఒక చిన్న బ్యాచ్ ఫైల్ (ఆదేశాలను వరుసగా నడిపే ఫైల్) రాశాను. ముందు ప్లేయర్‌లోని కొత్త రికార్డింగులు ల్యాప్‌టాప్‌కి వస్తాయి. అవి వచ్చాకే కొత్త పాటలు ప్లేయర్‌కి వెళ్తాయి. మిర్రర్ ఆప్షన్ వాడలేదు. అది ల్యాప్‌టాప్‌లో లేనివాటిని ప్లేయర్‌లోంచి చెరిపేస్తుంది. ఎఫ్ఎఫ్‌టీ అనే ఆప్షన్ మాత్రం తప్పనిసరి. ఫ్యాట్‌లో ఫైలు మారిన సమయం రెండు సెకన్ల మెట్లలోనే నమోదవుతుంది. ఆ ఆప్షన్ లేకపోతే సమయం సరిపోలలేదని మారని పాటలను కూడా మళ్లీ మళ్లీ కాపీ చేస్తుంది. బ్యాచ్ ఫైల్‌లో తెలుగు దారులు రాస్తే ఎన్‌కోడింగ్ చిక్కులు వస్తాయి. అందుకే పై ఫోల్డర్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టి, తెలుగు పేర్లు వాటి లోపల ఉంచాను. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ప్లేయర్‌కి ఒక స్థిరమైన డ్రైవ్ అక్షరం ఇచ్చాను. ప్లేలిస్టులు తెలుగు పేర్లు పట్టే ఎం3యూ8 ఫైళ్లుగా, ఫోల్డర్‌కి సాపేక్షమైన దారులతో పెట్టాను.

పెద్దనాన్న తానే చేశారు. తగిలించారు, డబుల్ క్లిక్ చేశారు, నల్ల కిటికీ మూసుకునేదాకా ఆగారు, ఇజెక్ట్ నొక్కారు, సందేశం చదివారు, తీగ తీశారు. ప్లేయర్ జాబితా తయారై, కొత్త ప్రవచనం మొదలైంది. మనవడు పక్కనే ఉండి ఇజెక్ట్ దగ్గర ఆయన చేతినే చూస్తూ ఉన్నాడు.

మిగిలినవి: బ్యాటరీ ముందున్నంతసేపు రావడం లేదు, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఈ సైజుది దొరుకుతుందేమో అడగాలి. గరగర ఉన్న ఆ భజనకి ఇంకో దారి కూడా ఉంది. అదే శనివారం గుడిలో ఎవరో ఫోన్‌తో వీడియో తీశారని పెద్దమ్మ చెప్పారు. అది దొరికితే ఆ కొన్ని సెకన్ల హార్మోనియం అందులోంచి తీసి అతకొచ్చు. కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో పెద్దనాన్న చేత అడిగించాను.